అయిదో గణం

ఆ వానాకాలమంతా మా ఇంట్లో నేను మహారాజుని. ఆ బిరుదు ఇచ్చింది ఆసుపత్రిలో నర్సమ్మ.

పక్షవాతం వచ్చి పడిపోయాక నాకు మాట పోయింది. కుడి చెయ్యి కూడా పోయింది గాని, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు అనిపించింది. మాట పోవడమే వింత. లోపల అన్నీ ఉన్నాయి. ఎదురుగా ఉన్నది గ్లాసని తెలుసు, అందులో ఉన్నవి నీళ్ళని తెలుసు, నాకు దాహంగా ఉందని అందరికంటే బాగా తెలుసు. నోరు తెరిస్తే మాత్రం మూలుగు తప్ప ఏమీ రాదు. రాసి చూపిద్దామన్నా అంతే. ఎడమ చేత్తో పలక మీద గీస్తే అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూచునేవి. ఉద్యోగం చేసినంత కాలమూ కాలేజీలో తెలుగు చెప్పి బతికినవాడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

ఒక ఉదయం నర్సమ్మ మందుల పళ్ళెంతో నా మంచం పక్కగా వెళ్తోంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"మంచి నీళ్ళు కాస్త మాకు తెమ్ము."

ఆవిడ గిరుక్కున తిరిగింది. "ఏంటి తాతగారూ?"

మళ్ళీ అదే వచ్చింది, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా. ఆవిడ నవ్విన నవ్వుకి పళ్ళెంలో సీసాలు గలగలలాడాయి. "అమ్మో, మహారాజావారికి దాహమైంది. ఎవరక్కడ?" అంది. వరండాలో కునికిపాట్లు పడుతున్న మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, నేను మాట్లాడానని తెలిసి, నవ్వాలో ఏడవాలో తేలక నర్సమ్మ భుజమ్మీద తల పెట్టేసింది.

నాకు మాత్రం సిగ్గేసింది. నేను 'నాకు' అనే అనబోయాను. కాని నోట్లోంచి వచ్చింది మాట కాదు, ఆటవెలది పద్యంలో రెండో పాదం. ఆ పాదానికి అయిదు గణాలు ఉండాలి. గణమంటే చిన్న ముక్క. 'మంచి' ఒకటి, 'నీళ్ళు' ఒకటి, అలాగన్న మాట. మొదటి ముక్క ఏ అక్షరంతో మొదలైతే నాలుగో ముక్క కూడా దానికి జతపడే అక్షరంతోనే మొదలవ్వాలి. దాన్ని యతి అంటారు. 'మంచి'కి 'నాకు' జతపడదు, 'మాకు' జతపడుతుంది. అందుకని ఆసుపత్రి మంచం మీద, గొట్టాల మధ్య, నేను సింహాసనం ఎక్కాల్సి వచ్చింది.

మాటలు నేర్పే టీచరమ్మ అని ఒకమ్మాయి వారానికోసారి చూసేది. ఆవిడ నా చేత ఆ పాదం మళ్ళీ మళ్ళీ చెప్పించి, బల్ల మీద వేలితో తాళం వేసి చూసింది.

"పాటా మాటా తలలో ఒకే గదిలో కాపురం ఉండవు సార్. మాట గదికి తాళం పడింది. మీరేమో పద్యం గదిలోంచి సామాన్లు తెచ్చుకుంటున్నారు. మంచిదే," అని మా అమ్మాయి వైపు తిరిగింది. "మీరు కూడా ఆ దారిలోనే వెళ్ళండి. పాదం మొదలుపెట్టి చివరి ముక్క వదిలెయ్యండి. ఆయన పూర్తి చేస్తారు. కానీ ఇది చేతికర్ర మాత్రమే అని గుర్తుంచుకోండి. కర్ర మీద ప్రేమ పెంచుకోకూడదు."

ఆ చివరి మాట మేమిద్దరం విన్నాం. పట్టించుకోలేదు.

మా అమ్మాయి బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్‌లో పని చేసేది. పది చొక్కాల గుడ్డ ఒకదానిమీద ఒకటి పరిచి ఒక్క గీతలో కోసే మనిషి. పెళ్ళి మాటెత్తితే కత్తెర చూపించేది. నేను పడిపోవడానికి కొద్దిరోజుల ముందే వాళ్ళ యజమాని వేరే ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీ పెట్టి, అక్కడ కటింగ్ సెక్షన్ మొత్తానికి ఈమెనే పెద్దగా ఉండమన్నాడు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న పిలుపు. ఆ కబురు ఇంటికి పట్టుకొచ్చిన సాయంత్రం వంటింట్లో గరిటెతో దరువు వేసింది. నేను పడ్డాక దాని ఊసు ఎత్తలేదు. గరిటె కూడా చప్పుడు చెయ్యకుండా వాడేది.

ఇంటికొచ్చిన కొత్తలో ఒక తెల్లవారుజామున నాకు బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చింది. అమ్మాయి పక్క గదిలో ఉంది. పిలవాలి. పిలవాలంటే పాదం కావాలి. మొదటి మూడు ముక్కలూ దొరికాయి. నాలుగోది దొరకలేదు. యతికి పనికొచ్చే మాట కోసం లోపలంతా వెతుకుతున్నాను. వెతుకుతుండగానే ఒళ్ళు తన పని తను చేసేసుకుంది. అంతా అయిపోయాక, ఎవరో తలుపు తీసినట్టు, నున్నగా వచ్చింది.

"పక్క తడిసె తల్లి పాపమయ్యె."

అమ్మాయి వచ్చి దీపం వేసింది. నన్ను కుర్చీలోకి మార్చి, ఒళ్ళు తుడిచి, పరుపు గోడకి నిలబెట్టింది. ఆ తుడిచేంతసేపూ నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూచున్నాను. ఆమె కూడా మధ్యమధ్య దానివైపే చూసింది. ఇద్దరికీ అక్కడ ఏదో ముఖ్యమైన పని ఉన్నట్టు.

పొద్దున కింది వాటాలో ఉండే లెక్కల మాస్టారు పేపరు పట్టుకుని పైకొచ్చాడు. కాలేజీలో నాతోపాటు పని చేసినవాడే. గోడకి ఆనించిన పరుపు చూశాడు.

"రాత్రి కిటికీ తీసి పడుకున్నాం బాబాయ్. జల్లు కొట్టింది," అంది అమ్మాయి.

మాస్టారు కిటికీ వైపు చూశాడు. గడియ వేసి, దానికి అడ్డంగా తాడు కూడా కట్టి ఉంది. ఆ కిటికీ తెరిచి ఎన్నాళ్ళయిందో.

"ఈ ఇంటి కిటికీలు అంతేనమ్మా. మా వాటాలోనూ ఇదే గొడవ," అన్నాడాయన, పేపరు విప్పుతూ.

వాళ్ళిద్దరి మధ్యా కూచుని నేను తల ఎత్తలేకపోయాను. అబద్ధమాడే అలవాటు లేని మనుషులిద్దరు నా కోసం పొద్దున్నే అబద్ధమాడారు.

అప్పట్నుంచి అమ్మాయి పట్టుబట్టి ఆటవెలది నేర్చుకుంది. కూరలు తరుగుతూ కత్తితోనే గణాలు వేసేది. "అయిదు ముక్కలేగా నాన్నా, చొక్కాక్కూడా అంతకంటే ఎక్కువే ఉంటాయి," అనేది. భోజనం దగ్గర నా ముందు కూచుని మొదలుపెట్టేది.

"కూరలోన ఉప్పు కొంత..."

"తగ్గె," అనేవాణ్ణి.

"తగ్గిందా? నేనే తగ్గించాను. డాక్టరు తగ్గించమన్నాడు. ఇంక నువ్వు పద్యంలో చెప్పినా వెయ్యను."

నాలుగు ముక్కలు ఆమె, ఒకటి నేను. ఆ ఒక్కటీ చెప్పినప్పుడల్లా ఇంట్లో ఉన్నట్టు అనిపించేది. ఫోన్లో చెప్పడానికని ఒక పాదం కట్టి నాకు కంఠతా పట్టించింది కూడా. "నేల మీద పడితి నేను, రండి." లెక్కల మాస్టారికి ఫోన్ చేసి దాన్ని చదివి చూపించాను. ఆయన మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, కుర్చీలో దర్జాగా ఉన్న నన్ను చూసి, "కవిగారూ, ఈసారి నిజంగా పడ్డాక చదవండి. నా మోకాళ్ళు అరువు తెచ్చుకున్నవి," అన్నాడు.

ఆసుపత్రిలో మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళిన రోజు ముసురు పట్టి ఉంది. చీటీ ఇచ్చే కిటికీ దగ్గర పెద్ద వరస. గొడుగుల నీళ్ళతో నేలంతా జారుడు. అమ్మాయి నా భుజం పట్టుకుని నిలబడింది. కిటికీలో గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు.

"పేరు?"

అమ్మాయి చెప్పబోతే, "ఆయన్నే చెప్పనీయండమ్మా. స్పృహ ఉందో లేదో కూడా రాయాలి," అన్నాడు.

నా పేరు నాకు బాగా తెలుసు. కాని అది ఏ పాదంలోనూ ఇమిడే పేరు కాదు. వెనక మనుషులు మెడలు చాచి చూస్తున్నారు. అప్పుడు వచ్చింది.

"పేరు మరిచినాను పెద్దవాడ."

గుమాస్తా తల ఎత్తాడు. "పెద్దవాడివా? అయితే ఏంటి, వరస లేకుండా పంపించాలా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను సర్దుకోబోయాను. ఇంకో పాదం వచ్చింది, ఇంకా నిండుగా, ఇంకా అర్థంపర్థం లేకుండా. నవ్వు వరసంతా పాకింది. ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి పట్టుకుని, "తాతా, ఇంకోటి, ఇంకోటి. ఇటు చూసి చెప్పు," అన్నాడు.

అప్పుడు అమ్మాయి చెయ్యి నా భుజమ్మీంచి జారింది. ఆమె ఒక్క అడుగు పక్కకి జరిగింది. ఎవరో ముసలాయన, ఎవరి తాలూకో అన్నట్టు నిలబడింది. ఎంతోసేపు కాదు. గుమాస్తా ఇంకో ప్రశ్న అడిగేలోపు వెనక్కొచ్చి నా భుజం అంతకు ముందుకంటే గట్టిగా పట్టుకుంది. నేను ఆ జరగడం చూశానని ఆమెకి తెలియకూడదని కళ్ళజోడు తీసి తుడుచుకోబోయాను. ఒక చేత్తో కళ్ళజోడు తుడవడం కుదరదు. ఆమే తీసుకుని తుడిచి పెట్టింది.

ఆ కుర్రాడు తీసిన వీడియో ఊరంతా చూశారు. మా కాలేజీ పాత విద్యార్థుల సంఘం అధ్యక్షుడు టైల్స్ దుకాణం నడుపుతాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. పళ్ళ బుట్టతో వచ్చి కూచున్నాడు.

"మాస్టారూ, మాట పోయినా పద్యం పోలేదంటే మామూలు విషయమా? మనుషులు చూడాలి. హాలు మాట్లాడేశాను. మీరు కష్టపడక్కర్లేదు. మేం అడుగుతాం, మీరు ఊరికే పాదం చెప్పండి చాలు," అన్నాడు.

లెక్కల మాస్టారు మూల కూచుని, "టికెట్టు పెడతారా?" అన్నాడు. అధ్యక్షుడికి అది అర్థం కాలేదు. నాకయింది. వద్దు అని చెప్పాలి. వద్దు అన్నది ఒక్క మాట. అందుకే రాలేదు. నేను తల అడ్డంగా ఊపాను.

"మొహమాటపడకండి మాస్టారూ," అన్నాడు అధ్యక్షుడు.

అమ్మాయి నా వైపు చూసింది. ఆసుపత్రిలో నవ్వినవాళ్ళ ముందు నాన్నని నిలబెట్టి చప్పట్లు కొట్టించాలని ఆమెకి ఉంది. ఆ రోజు పక్కకి జరిగిన అడుగుని అలా చెరిపేసుకోవాలనుకుందేమో. ఆ కళ్ళు చూసి నేను తల ఊపడం మానేశాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆమె నాకు అన్నం కలిపి పెడుతోంది. బయట వాన వెలిసి, చూరు నీళ్ళు మాత్రం బొట్లు బొట్లుగా పడుతున్నాయి. పళ్ళెం వాళ్ళమ్మది. అంచు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. మా ఆవిడ ఉన్నప్పుడు నేను పద్యం ఎత్తుకుంటే, ముందు తినండి, పద్యం చల్లారినా ఫరవాలేదు అనేది. అమ్మాయి ఆ సొట్ట మీద వేలు పెట్టి, "అమ్మ ఉంటే నీ పద్యాలకి ఏమనేదో," అంది.

నేను ఆమె మొహం చూశాను. నోరు తెరిచాను.

"అమ్మ లేని ఇంట అండ నీవె."

అమ్మాయి చెయ్యి ముద్ద పట్టుకుని ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు. ఎడమ చేతి మణికట్టుతో తుడుచుకుంది.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ పాదం నిజమే. కాని అది నోట్లోంచి వస్తున్న క్షణంలో నా గుండె పొంగింది అమ్మాయిని చూసి కాదు. 'అమ్మ'కి 'అండ' ఎంత చక్కగా పడింది, ఒక్క వృథా ముక్క లేదు, ఎక్కడా కుట్టు కనిపించలేదు అని పొంగింది. జన్మలో అంత శుభ్రమైన పాదం చెప్పలేదనుకున్నాను. ఎదురుగా కూతురు ఏడుస్తోంటే నేను మొదటి బహుమతి వచ్చిన కుర్రాడిలా కూచున్నాను.

మర్నాడు పొద్దున ఆమె వంటింట్లో ఫోన్లో మాట్లాడుతుంటే వినబడింది.

"లేదు సార్. నాన్నగారి దగ్గర ఉండాలి. ఆలోచించే చెప్తున్నాను... వేరేవాళ్ళని చూసుకోండి... సరే సార్. నెలాఖరు దాకా ఉంచితే ఉంచండి. నా జవాబు మాత్రం ఇదే."

నిన్నటి నా శుభ్రమైన పాదం ఏం చేసిందో అప్పుడు తెలిసింది. ఆమె వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి నవ్వింది. గరిటె చప్పుడు మళ్ళీ వినబడింది గాని, అది దరువు కాదు.

వెళ్ళమని చెప్పాలి. ఆ వానాకాలంలో నాకు మిగిలిన పని అదొక్కటే. స్వాధీనంలో లేని చెయ్యి, అరువు మోకాళ్ళ మాస్టారు, ఇవన్నీ సర్దుకోవచ్చు. ఆమెకి ముప్పయి దాటాయి. ఆ పిలుపు ఇంకోసారి రాదు.

ముందు పద్యంలోనే చెప్పాను. ఆమె బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూచుని, తలుపు వైపు చెయ్యి చూపిస్తూ చెప్పాను.

"వెళ్ళి రమ్ము తల్లి వేగ నీవు."

ఆమె నవ్వేసింది. "ఎక్కడికి? పాల కోసమా?"

నేను మళ్ళీ చెప్పాను. ఈసారి ఆమె నవ్వలేదు. దుప్పటి మడత ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కడికి అంటున్నావో నాకు తెలుసు. ఫోన్లో మాట్లాడింది విన్నావు కదా. కానీ నాన్నా, ఇందులో నువ్వన్నది ఎంత? 'వేగ' ఎందుకొచ్చింది, 'వెళ్ళి'కి జతపడుతుందనేగా? నీళ్ళు అడిగితే 'మాకు' అంటావు. పేరడిగితే మరిచిపోయానంటావు, నీకు మరుపెక్కడుంది? నీ పద్యంలో ఏది నువ్వంటున్నావో, ఏది యతి అంటోందో నాకెలా తెలుస్తుంది?"

'అండ నీవె' అన్నది ఎలా నమ్మావని అడగాలనిపించింది. అడగడానికి పాదం దొరకలేదు. దొరికినా అడిగేవాణ్ణి కాదు. అది ఆమె నమ్మాలనుకున్న మాట.

"మామూలుగా చెప్పు. ఒక్క మామూలు మాట. వెళ్ళమని అంటే వెళ్తాను," అంది. ఆ చెప్పడంలో నేను చెప్పలేనన్న ధీమా ఉంది. కొంచెం భయం కూడా.

లెక్కల మాస్టారితో చదరంగం ఆడే వంకన సాధన మొదలుపెట్టాను. నేను ఏం చెప్పాలనుకుంటున్నానో ఆయన రెండు ఎత్తుల్లో కనిపెట్టాడు.

"వెళ్ళిరా. మూడక్షరాలు. అను."

"వె... వె... వెళ్ళి రమ్ము తల్లి..."

"ఆపు. తల్లి లేదు, చెల్లి లేదు. వెళ్ళిరా. అంతే."

"వె..."

"నీకు అయిదు పెట్టెలూ తగిలిస్తే గాని బండి కదలదా? ఒట్టి ఇంజను వెళ్ళదూ?" అని నా గుర్రాన్ని తినేశాడు.

ఎంత ప్రయత్నించినా మూడక్షరాల దగ్గర నాలుక ఆగదు. పాదం నిండేదాకా పోతుంది. నిండకుండా ఆపితే లోపలేదో తెగిపోతుందన్నంత భయం. కాలు లేని కుర్చీ మీద కూచోబోతున్నట్టు ఉండేది. మాటల టీచరమ్మ చెప్పిన చేతికర్ర సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

సభ నాటికి నెలాఖరు దగ్గరపడింది.

రేకుల కప్పు హాలు. వాన పడుతుంటే మైకు చాలక అరిచినట్టు మాట్లాడుతున్నారు. ముందు వరసలో అమ్మాయి, ఇస్త్రీ చీర కట్టుకుని. పక్కన లెక్కల మాస్టారు. వెనకంతా నా పాత విద్యార్థులు, తలలు నెరిసినవాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకున్నవాళ్ళు. అధ్యక్షుడు నా నోటి దగ్గర మైకు పట్టుకున్నాడు.

"మాస్టారూ, పొద్దున్న ఏం తీసుకున్నారు?"

"పెరుగు వేసినారు పెట్టినారు."

హాలు హోరెత్తింది. పొద్దున నేను తిన్నది రొట్టె, తాగింది పాలు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆ సంగతి తెలిసింది అమ్మాయికొక్కదానికే. ఆమె కూడా నవ్వుతూ కొడుతోంది. ఇంకేవో రెండు మూడు అడిగారు. చెప్పాను. వేదిక మీద కుర్చీలో, మెడలో దండతో, గంట కొడితే తల ఊపే బొమ్మలా ఉన్నానని నాకు తెలుసు. అయినా ప్రతి పాదానికీ లోపల ఏదో వెధవ సంతోషం. అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

"ఇంత సేవ చేస్తున్న మీ అమ్మాయి గురించి ఒక్క పాదం," అన్నాడు అధ్యక్షుడు.

చప్పట్లు. తర్వాత నిశ్శబ్దం. నాకు ఏదీ రాలేదు. రాలేదనడం సరి కాదు. ఒకటి వచ్చి పళ్ళ వెనక నిలబడి ఉంది. నేను పళ్ళు బిగించాను. ఎవరో దగ్గారు. ఒక పిల్లాడు, "అయిపోయిందా?" అన్నాడు. అమ్మాయి మొహంలో కంగారు కనిపించింది. ఆసుపత్రి కిటికీ దగ్గర చూసిన మొహమే. ఈసారి మాత్రం ఆమె పక్కకి జరగలేదు. కుర్చీలోంచి కొంచెం ముందుకి వంగి, అన్నం పెట్టేటప్పుడు అనే గొంతుతో అందించింది.

"అమ్మ లేని ఇంట అండ..."

అధ్యక్షుడు దాన్నే మైకులో మళ్ళీ అన్నాడు. హాలంతా విన్నది. అందరికీ అర్థమైంది, ఒక్క ముక్క మిగిలిందని. రెండక్షరాలు. చెప్తే పాదం నిండుతుంది, హాలు నిండుతుంది, ఆమె కళ్ళు నిండుతాయి. ఆమె ఇంక ఎక్కడికీ వెళ్ళదు.

"నీ..." అని నాలుక లేచింది. దాన్ని అక్కడే పట్టుకున్నాను. ఆ పట్టుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. తుమ్ముని ఆపుకున్నట్టు ఉంటుంది, ఒళ్ళంతా. దవడ వణికింది. చొంగ కారింది.

"వె..." అన్నాను.

"ఆ, వస్తోంది, వస్తోంది," అన్నాడు అధ్యక్షుడు మైకులో.

"వెళ్ళి..."

రెండక్షరాలు అక్కడే ఉన్నాయి, ఇంకొక్కటి చాలు. వెళ్ళిరా అనబోయాను. మనసులో అదే ఉంది, స్పష్టంగా, ఆమె బడికి వెళ్ళే రోజుల్నుంచి గుమ్మంలో నిలబడి అన్న మాట.

"వెళ్ళిపో," అన్నాను.

మైకు అంత గట్టిగా పనిచేసింది ఆ సాయంత్రం అదొక్కసారే. సరిచేద్దామని మళ్ళీ నోరు తెరిచాను. "వెళ్ళిపో. వెళ్ళిపో." దొరికిన ఒక్క మామూలు మాటా నాలుకకి అతుక్కుపోయింది.

వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "అదేంటి, కన్నకూతుర్ని పట్టుకుని," అంది, వినబడేట్టే. అధ్యక్షుడు మైకు లాక్కుని, "మాస్టారు బాగా అలిసిపోయారు," అన్నాడు. ముందు వరసలో కొందరు మొహాలు తిప్పుకున్నారు. నేను దండలోకి తల దించుకుని ఏడ్చాను.

అమ్మాయి మెట్లెక్కి వేదిక మీదికొచ్చింది. చీర చెంగుతో నా గడ్డం తుడిచింది. దండ తీసి బల్ల మీద పెట్టింది. మైకు ఎంత దూరంలో ఉందో ఒకసారి చూసుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"గణం తప్పింది నాన్నా," అంది. "విన్నాను," అంది.

తిరిగి ఆటోలో వస్తున్నాం. లెక్కల మాస్టారు ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని తడుస్తున్నాడు. సగం దారిలో అమ్మాయి ఫోన్ తీసింది.

"సార్, ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందా?" అని అడిగింది. అవతలి జవాబు విని, "వస్తాను," అంది. తర్వాత బయటి వాన వైపు తిరిగి కూచుంది.

మాస్టారు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అమ్మాయ్, మీ ఇంటి తాళంచెవి ఇంకోటి చేయించు. నా మోకాళ్ళకి పని చెప్తాను."

ఆమె వెళ్ళిన రోజు వాన లేదు. గుమ్మంలో పెట్టె పెట్టి నిలబడింది. నేను కర్ర పట్టుకుని ఎదురుగా. ఆ మాట కోసం నేను నోరు తెరుస్తుంటే వద్దని చెయ్యి ఊపింది.

"సభలో చెప్పేశావుగా. ఇంకోసారి చెప్పక్కర్లేదు," అని నవ్వి, మెట్లు దిగింది. కిందికెళ్ళాక ఒకసారి తల ఎత్తి, తాడు కట్టిన ఆ కిటికీ వైపు చూసింది.

తర్వాత పద్యం మెల్లగా తప్పుకుంది. మామూలు మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. ముందు 'నీళ్ళు'. తర్వాత 'చాలు'. తర్వాత మాస్టారి మీద కోపమొస్తే వాడే రెండు మూడు మాటలు, అవి మాత్రం గబగబా వచ్చాయి. ఇప్పుడు కావాలని కూచుని అయిదు గణాలు కూర్చినా యతి దగ్గర తడబడుతున్నాను. దాని గురించి బెంగ లేదని అంటే అబద్ధం.

ఊళ్ళో మాత్రం ఆ సాయంత్రం అలాగే ఉండిపోయింది. మందుల దుకాణంలో ఆవిడ నాకు చిల్లర ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టదు, బల్ల మీద పెడుతుంది. అంత సేవ చేసిన కూతుర్ని నలుగురిలో వెళ్ళగొట్టిన మనిషిని కదా. సంగతి విడమరిచి చెప్పేంత మాట నాకింకా రాలేదు. వచ్చినా చెప్తానో లేదో. వెళ్ళిపోయిందన్న మాట ఆమె మీద పడకుండా, వెళ్ళగొట్టాడన్న మాట నా మీద ఉంటే అదీ ఒకందుకు మంచిదే.

చలికాలం మొదట్లో ఒక ఉదయం గ్యాసతను సిలిండరు దించి, రసీదు మీద నా వేలిముద్ర తీసుకుని, మెట్ల వైపు తిరిగాడు.

"వెళ్ళిరా," అన్నాను.

అతను ఆగి వెనక్కి చూశాడు. ఆ ఉద్యోగంలో అతనికి ఎవరూ అలా చెప్పి ఉండరు. "సరే పెద్దాయనా, వస్తా," అని, దిగుతూ ఖాళీ సిలిండరుని తాళం వేసినట్టు తట్టుకుంటూ వెళ్ళాడు. నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఇన్ని నెలలుగా ఎవరికోసం వెతికానో, చివరికి అది ఎవరికి దక్కిందో.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. వెనక కుట్టుమిషన్ల హోరు.

"తిన్నావా నాన్నా? కాలెలా ఉంది?"

"వెళ్ళిరా," అన్నాను.

ఫోన్ పట్టుకుని బయటికొచ్చినట్టుంది, ఆ హోరు సన్నబడింది.

"ఏమన్నావు?"

"వెళ్ళిరా."

ముక్కు ఎగబీల్చడం వినబడింది.

"ఆల్రెడీ వెళ్ళిపోయాను కదా. ఇప్పుడు చెప్తే ఎలా?" అంది. "దాన్నలా ఉంచు. నేను వస్తాను, వచ్చి మళ్ళీ వెళ్తాను. అప్పుడు చెప్దువుగాని."